తీర్పుల ఆంగ్లంలో స్త్రీ వాచకాలు: సుప్రీంకోర్టు కరదీపికకు ఒక తెలుగు పరీక్ష

ఉపోద్ఘాతం

2023 ఆగస్టు 16న భారత సర్వోన్నత న్యాయస్థానం 30 పుటల కరదీపిక ఒకటి విడుదల చేసింది. తీర్పుల రచనలో, న్యాయ తార్కికంలో స్త్రీల గురించి పాతుకుపోయిన మూస భావనలను గుర్తించి తొలగించడం దాని ఉద్దేశం. నాటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ ముందుమాటతో వచ్చిన ఆ పుస్తకంలో స్త్రీ స్వభావం గురించిన అపోహల ఖండన ఉంది. అటువంటి అపోహలను తోసిపుచ్చిన పూర్వ తీర్పుల ప్రస్తావనా ఉంది. అయితే ఎక్కువ చర్చ జరిగింది అందులోని పదాల పట్టిక గురించి. ఎడమ వరుసలో న్యాయమూర్తులు, న్యాయవాదులు విడిచిపెట్టవలసిన ఆంగ్ల పదం, కుడి వరుసలో దాని స్థానంలో వాడదగిన పదం. 'హార్లట్', 'మిస్ట్రెస్', 'కీప్', 'స్పిన్‌స్టర్', 'హౌస్‌వైఫ్', 'ఫాలెన్ వుమన్', 'చేస్ట్ వుమన్', 'ఈవ్ టీజింగ్' వంటివి ఎడమ వరుసలో చేరాయి.

ఈ పట్టిక ఆంగ్లంలో రాసే తీర్పుల కోసం తయారైనది. ఆ తీర్పులు ఎవరి బతుకులను నిర్ణయిస్తాయో వారిలో అత్యధికులు ఆంగ్లంలో బతకరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఫిర్యాదు చాలా సందర్భాల్లో తెలుగులో మొదలవుతుంది, సాక్షి తెలుగులో చెబుతాడు, పై కోర్టు తీర్పు ఆంగ్లంలో వెలువడి వార్తగా తిరిగి తెలుగులోకి వస్తుంది. 2019లో సుప్రీంకోర్టు ప్రవేశపెట్టిన 'సువాస్' అనువాద సాధనం తీర్పులను అందించే భాషల్లో తెలుగు కూడా ఉంది. కాబట్టి పట్టికలోని ప్రతి సవరణకూ తెలుగులో ఏ గతి పడుతుందన్నది అడగదగిన ప్రశ్నే. అడిగి చూస్తే ఒక సంగతి తేలుతుంది. కరదీపిక విశేషణాన్ని పూర్తిగా తొలగించిన చోట సవరణ తెలుగులోనూ నిలుస్తుంది. పేరు మాత్రమే మార్చిన చోట, ఎల్ల దాటగానే పాత మాటే మళ్లీ ఎదురవుతుంది.

జంట పదాల్లో ఒకటి జారినప్పుడు

ఆంగ్లంలో స్త్రీ వాచకాలకు పట్టిన అర్థాపకర్షను మ్యూరియల్ షుల్జ్ 1975లో ఒక వ్యాసంలో వివరంగా చర్చించారు. అదే ఏడాది రాబిన్ లేకాఫ్ గ్రంథం 'లాంగ్వేజ్ అండ్ వుమన్స్ ప్లేస్' వెలువడింది. అర్థ విపరిణామ పాఠంలో 'కంపు', 'ఛాందసుడు' ఉదాహరణలుగా చదువుకున్న తెలుగు విద్యార్థికి అర్థాపకర్ష కొత్త భావన కాదు. ఆంగ్ల స్త్రీ వాచకాల ప్రత్యేకత, ఒకే జంటగా పుట్టిన పదాల్లో పురుష వాచకం నిలబడి స్త్రీ వాచకం ఒక్కటే జారడం.

'మాస్టర్', 'మిస్ట్రెస్' ఇందుకు బాగా తెలిసిన జంట. రెండూ అధికారాన్ని సూచించినవే. 'మాస్టర్' నేటికీ నైపుణ్యాన్ని, ఆధిపత్యాన్ని సూచిస్తుంది. విశ్వవిద్యాలయ పట్టాలో కూర్చున్నదీ అదే. తెలుగులో ఎం.ఏ. పూర్తిచేసిన విద్యార్థిని కూడా 'మాస్టర్ ఆఫ్ ఆర్ట్స్' అవుతుంది, అంతకుముందు 'బ్యాచిలర్ ఆఫ్ ఆర్ట్స్' అయి ఉంటుంది. వివాహితురాలైనా ఆమె బ్యాచిలరే. ఇందులోని వింత ఎవరి చెవికీ తగలదు. 'మిస్ట్రెస్' మాత్రం ఇంటి యజమానురాలి నుంచి, పాఠశాల ఉపాధ్యాయిని నుంచి దిగజారి వివాహితుడి రహస్య సహచరిగా మిగిలింది. 'మిస్', 'మిసెస్', 'మిజ్' మూడూ ఆ పదం సంతానమే. 'మాస్టర్' నుంచి వచ్చిన 'మిస్టర్' మగవాడి పెళ్లి సంగతి చెప్పదు. 'మిస్ట్రెస్' నుంచి వచ్చిన మొదటి రెండు పదాలకు ఆడదాని పెళ్లి సంగతి చెప్పడమే పని. మూడవదాన్ని ఆ పని నుంచి తప్పించడానికే ప్రచారంలోకి తెచ్చారు.

'హార్లట్' కథ ఇంకా విచిత్రమైనది. మధ్యయుగపు ఆంగ్లంలో అది ప్రధానంగా మగవాడికి, దేశదిమ్మరికీ దుర్మార్గుడికీ చెల్లిన మాట. తరువాత స్త్రీకి బదిలీ అయి, అక్కడ లైంగిక నిందగా స్థిరపడింది. 'హస్సీ' అనే తిట్టు 'హౌస్‌వైఫ్' పదానికి సొంత తోబుట్టువు. ఇంటిని నడిపే స్త్రీని చెప్పే ఒకే పాత రూపం నుంచి ఒకవైపు గౌరవనీయమైన ఇల్లాలు, మరోవైపు గడుసు ఆడది పుట్టుకొచ్చారు.

'స్పిన్‌స్టర్' వృత్తి నామం. నూలు వడికేది అని మూలార్థం. చివరి '-స్టర్' పాత ఆంగ్లంలో స్త్రీ కర్తను తెలిపే ప్రత్యయం. నేసేవారిని, సారా కాచేవారిని చెప్పిన 'వెబ్‌స్టర్', 'బ్రూస్టర్' వంటి రూపాలు ఇప్పుడు ఇంటిపేర్లుగా మిగిలాయి. వడికే ఆమె మాత్రం ఇంటిపేరు కాలేదు. పదిహేడవ శతాబ్దం నుంచి చట్టపత్రాల్లో పెళ్లికాని స్త్రీకి గుర్తుగా మారింది, ఆపై పెళ్లి వయసు దాటిందన్న ఎత్తిపొడుపుగా మారింది. ఇంగ్లండ్‌లో ఈ పదం అధికారికంగా తప్పుకున్న తీరు గమనించదగినది. 2004 నాటి సివిల్ పార్ట్‌నర్‌షిప్ చట్టం 2005 డిసెంబరులో అమలులోకి వచ్చినప్పుడు, వివాహ నమోదు పుస్తకాల్లో 'బ్యాచిలర్', 'స్పిన్‌స్టర్' రెండింటి స్థానంలో 'సింగిల్' అనే ఒకే మాట చేరింది. తిట్టును తొలగించడానికి తెచ్చిన చట్టం కాదది. నమోదు పుస్తకంలోని గడికి రెండు మాటల అవసరం తీరిపోయింది, దానితో జంట మొత్తం రాలిపోయింది. భారత కరదీపిక ఇదే పదాన్ని వేరే విధంగా పరిష్కరించింది. 'స్పిన్‌స్టర్' స్థానంలో అవివాహిత స్త్రీ అని అర్థమిచ్చే పదబంధాన్ని సూచించింది. 'బ్యాచిలర్' ఊసు పట్టికలో లేదు.

పట్టికలోని మూడు పద్ధతులు

పట్టికను జాగ్రత్తగా చదివితే మూడు వేర్వేరు పద్ధతులు కలగలిసి కనిపిస్తాయి. వాటిని విడదీసి చెప్పే ప్రయత్నం కరదీపిక చేయలేదు.

మొదటిది తొలగింపు. 'చేస్ట్ వుమన్', 'ఫాలెన్ వుమన్', 'కెరీర్ వుమన్', 'హార్లట్', 'సెడక్ట్రెస్', ఈ అన్నిటికీ కుడి వరుసలో ఉన్నది ఒకే మాట: స్త్రీ. విధేయురాలైన భార్యకు, మంచి భార్యకు ఎదురుగా 'భార్య' అని మాత్రమే ఉంది. 'అన్‌వెడ్ మదర్' పక్కన 'తల్లి' అని ఉంది. ఒకే సమాధానం ఇన్నిసార్లు రావడం తొలి చూపుకు బద్ధకంలా తోస్తుంది. నిజానికి పట్టిక మొత్తంలో బలమైన భాగం ఇదే. ఇక్కడ న్యాయమూర్తికి అందుతున్నది కొత్త పదం కాదు, ఒక ప్రశ్న: ఈ స్త్రీ శీలం, ఉద్యోగం, పెళ్లి ఈ వివాదానికి అవసరమా? అవసరం లేనప్పుడు ఆ మాట ఏ రూపంలోనూ ఉండనక్కరలేదు. శీలాన్ని మెచ్చుకునే విశేషణాన్ని, నిందించే విశేషణాన్ని ఒకే దెబ్బతో కొట్టివేయడం కూడా ఇందులోని వివేకమే. మెచ్చుకోలు మిగిలితే నింద దాని నీడలో మిగిలే ఉంటుంది.

రెండవది పేరు మార్పు. 'హౌస్‌వైఫ్' స్థానంలో 'హోమ్‌మేకర్', 'ప్రాస్టిట్యూట్' స్థానంలో 'సెక్స్ వర్కర్' ఈ కోవలోవి. రెండవ సూచన కొద్ది నెలలు కూడా నిలకడగా లేదు. అక్రమ రవాణాకు గురైన స్త్రీలందరినీ అది వృత్తిదారులుగా చూపుతుందని స్వచ్ఛంద సంస్థలు అభ్యంతరం చెప్పగా, అదే ఏడాది న్యాయస్థానం ఆ పదాన్ని సవరించడానికి అంగీకరించింది. పేరు మార్పుకు ఉన్న బలహీనత ఇక్కడే బయటపడింది. కొత్త పేరు ఎంత మర్యాదైనదైనా, ఎవరెవరిని ఒకే గంపలో వేస్తున్నదన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

మూడవది వివరణ. 'మిస్ట్రెస్', 'కన్‌క్యుబైన్', 'కీప్' పదాల స్థానంలో, ఒక పురుషుడు వివాహేతరంగా ప్రేమ లేదా లైంగిక సంబంధం పెట్టుకున్న స్త్రీ అని అర్థమిచ్చే పొడవాటి పదబంధం ఇచ్చారు. దీన్ని హాస్యమాడినవారు ఉన్నారు. హాస్యానికి లొంగని సందర్భం ఒకటి ఉంది.

2010 అక్టోబరులో డి. వేలుసామి వర్సెస్ డి. పచ్చైయమ్మాళ్ కేసులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం, 2005 నాటి గృహహింస చట్టంలోని 'వివాహం వంటి సంబంధం' అంటే ఏమిటో నిర్ణయించవలసి వచ్చింది. వివాహం కాని సంబంధంలో ఉన్న స్త్రీకి ఆ చట్టం రక్షణ దొరుకుతుందా లేదా అన్నది ఆ నిర్వచనం మీద ఆధారపడి ఉంది. ధర్మాసనం కొన్ని షరతులు చెబుతూ, పురుషుడు డబ్బిచ్చి ప్రధానంగా లైంగిక అవసరానికో పనిమనిషిగానో ఉంచుకున్న 'కీప్' ఆ నిర్వచనం కిందికి రాదన్నది. నాటి అదనపు సొలిసిటర్ జనరల్ ఇందిరా జైసింగ్ ఆ పదప్రయోగానికి న్యాయస్థానంలోనే అభ్యంతరం తెలిపారు. అది మర్యాదకు సంబంధించిన అభ్యంతరం మాత్రమేనని అప్పట్లో తోచి ఉండవచ్చు. వాక్యాన్ని మళ్లీ చదివితే వేరే సంగతి కనిపిస్తుంది. ఆ స్త్రీకి రక్షణ ఎందుకు లేదన్న కారణాన్ని 'కీప్' అనే మాటే మోస్తున్నది. ఉంచబడినది వస్తువు, వస్తువుకు హక్కు ఏమిటి? మాట దగ్గరే వాదం ముగిసిపోయింది. అక్కడ కరదీపికలోని పొడవాటి పదబంధాన్ని పెట్టి చూస్తే వాక్యం నగ్నంగా నిలబడుతుంది. ఒక పురుషుడితో సంబంధంలో ఉండి, అతని డబ్బు మీద ఆధారపడి, అతనికి చాకిరీ చేసిన స్త్రీకి రక్షణ ఎందుకు ఉండకూడదో న్యాయమూర్తి ఇప్పుడు వేరుగా చెప్పవలసి వస్తుంది. బహుశా చెప్పగలడు, తీర్పు మారకపోవచ్చు కూడా. కారణం మాత్రం బయటికి వస్తుంది, బయటికి వచ్చిన కారణాన్ని అప్పీలులో ఎదుర్కోవచ్చు.

ఈ పదబంధంలోనూ లోపం లేకపోలేదు. సంబంధం పెట్టుకున్న కర్త పురుషుడే, స్త్రీ అతని క్రియకు విషయంగానే ఉంది. ఆ పురుషుడికి పట్టికలో పేరు లేదు, వివరణా లేదు.

తెలుగులోకి వచ్చినప్పుడు

ఇక పరీక్ష. తొలగింపు పద్ధతికి తెలుగులో ఇబ్బంది లేదు. 'శీలవతి అయిన స్త్రీ', 'పతిత', 'వగలాడి' అన్న చోట్ల 'స్త్రీ' అని రాయవచ్చు. 'పెళ్లికాని తల్లి' అన్న పత్రికా శీర్షికలో మొదటి మాట కొట్టివేస్తే వార్తకు నష్టం లేదు. అనువాదకుడికి కొత్త పదం వెతుక్కునే పని కూడా పడదు.

పేరు మార్పు దగ్గర పరిస్థితి తారుమారు. 'హౌస్‌వైఫ్' తెలుగులో గృహిణి, 'హోమ్‌మేకర్' కూడా గృహిణే. ఆంగ్లంలో భార్యాత్వం నుంచి పనివైపు జరిగిన ఆ చిన్న కదలిక తెలుగులో నమోదు కాదు. 'స్పిన్‌స్టర్' అవివాహిత, దాని స్థానంలో వచ్చినదీ అవివాహితే. ఎడమ, కుడి వరుసలు ఇక్కడ ఒకే మాటగా కలిసిపోతాయి.

ఇది తెలుగు పేదరికం కాదు. 'గృహిణి' నిందావాచకం కాదు గనుక దానికి మారుపేరు అక్కరలేకపోయింది. చిక్కు మరోచోట ఉంది. దరఖాస్తులో వృత్తి గడి దగ్గర తెలుగువారు సాధారణంగా రాసేది 'హౌస్‌వైఫ్' అనే. నోటితో అడిగితే వచ్చే జవాబు, "ఏమీ చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది." ఆ 'ఏమీ' విలువ ఎంతో లెక్కకట్టే పని రోడ్డు ప్రమాద పరిహార కేసుల్లో న్యాయస్థానాలకు పదే పదే పడింది. 2010లో అరుణ్ కుమార్ అగ్రవాల్ వర్సెస్ నేషనల్ ఇన్సూరెన్స్ కేసులో జస్టిస్ ఎ.కె. గంగూలీ, ఇంటిపని చేసే స్త్రీలను జనగణన ఉత్పాదక శ్రమ లేనివారిగా లెక్కించి బిచ్చగాళ్లు, వేశ్యలు, ఖైదీలతో ఒకే వర్గంలో చేర్చడాన్ని తీవ్రంగా తప్పుపట్టారు. 2021 జనవరిలో కీర్తి వర్సెస్ ఓరియంటల్ ఇన్సూరెన్స్ కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ రాసిన ప్రత్యేక అభిప్రాయం, ఇంటిపనికి ఊహాత్మక ఆదాయం కట్టడం కేవలం అంకెల వ్యవహారం కాదని, ఆ శ్రమకు గుర్తింపు అని వాదించింది. 2011 జనగణనలో దాదాపు 16 కోట్ల మంది స్త్రీలు ఇంటిపనే తమ ప్రధాన వ్యాపకమని చెప్పగా, పురుషుల్లో అలా చెప్పినవారు 58 లక్షల లోపే అన్న వివరం అందులో ఉంది. చనిపోయిన స్త్రీ పిల్లలకు ఎంత డబ్బు అందాలన్నదాన్ని మార్చినవి ఈ తీర్పులు. వీటిలో ఏదీ 'హోమ్‌మేకర్' అన్న పేరు పెట్టుకున్నందువల్ల మాత్రమే సాధ్యమైనది కాదు, పనికి వెల కట్టినందువల్ల సాధ్యమైంది. తెలుగులో 'గృహిణి' ఆ వెలతో కలిసి నడిస్తే చాలు, లేకపోతే ఏ కొత్త మాట తెచ్చినా దండగే.

'అడల్ట్రెస్' విషయంలో అనువాదం ప్రమాదకరమే అవుతుంది. కరదీపిక దీన్ని వివాహేతర లైంగిక సంబంధం పెట్టుకున్న స్త్రీ అని విడమరచింది. తెలుగు పత్రికా భాషలో 'వ్యభిచారం' రెండు వేర్వేరు విషయాలకు ఒకటే మాట. 2018లో సుప్రీంకోర్టు కొట్టివేసిన 497వ సెక్షన్ గురించి రాసినప్పుడూ వ్యభిచారమే, పోలీసులు దాడి చేసిన లాడ్జి గురించి రాసినప్పుడూ వ్యభిచారమే. భార్య మనోవర్తికి ఈ మాట నేరుగా తగులుతుంది. పాత దండప్రక్రియా స్మృతి 125(4) ప్రకారమూ, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత 144(4) ప్రకారమూ 'అడల్టరీ'లో జీవిస్తున్న భార్యకు మనోవర్తి హక్కు లేదు. దాన్ని 'వ్యభిచార జీవితం' అని అనువదిస్తే ఆరోపణ రూపమే మారిపోతుంది. భర్త కౌంటరులో ఆ రెండు మాటలు చదివిన ఊరివారికి అర్థమయ్యేది చట్టం చెప్పినది కాదు. పట్టికలోని వివరణ పద్ధతి తెలుగుకు ఎక్కడైనా అత్యవసరమైతే అది ఇక్కడ. 'వివాహేతర సంబంధం' అన్న మాట ఇప్పటికే వాడుకలో ఉంది. న్యాయపత్రాల అనువాదంలో దాన్నే స్థిరపరచడం మేలు.

'కీప్' సంగతి వేరు. తెలుగు దాన్ని అప్పుగా తెచ్చుకున్నా, తనకు అచ్చంగా అలాంటిదే ఒకటి ముందే ఉంది. 'ఉంపుడుగత్తె' పదంలో 'ఉంచు' ధాతువు, స్త్రీ వాచక ప్రత్యయం రెండూ పైకే కనిపిస్తాయి. అదే ధాతువు నుంచి ఉంచినవాణ్ణి చెప్పే మాట వ్యవహారంలో లేదు. తెలుగువారి సంభాషణలో 'కీప్' వినిపించడానికి కారణం సభ్యోక్తి. తెలుగు మాట నోట రావడానికి జంకేచోట ఆంగ్లం తెర కడుతుంది. ఆంగ్లపు న్యాయస్థానంలో నిందగా తప్పుకుంటున్న మాట, తెలుగు ఇంట్లో మర్యాదగా చలామణి కావడం ఈ పట్టిక ఊహించని విషయం.

ఆ తెర మరింత దట్టంగా ఉన్నచోటు 'ఈవ్ టీజింగ్'. భారతీయ ఆంగ్లపు సొంత సృష్టి ఇది. కరదీపిక దీన్ని వీధిలో జరిగే లైంగిక వేధింపుగా మార్చింది. తెలుగు బైబిలులో ఆ 'ఈవ్' పేరు హవ్వ. 'హవ్వను ఆటపట్టించడం' అని ఎవరైనా అంటే తెలుగువాడు ఉలిక్కిపడతాడు. 'ఈవ్ టీజింగ్' అంటే ఉలికిపాటు ఉండదు, ఎందుకంటే ఆ మాట లోపల ఏముందో చెవికి వినబడదు. తమిళనాడు 1998లో ఈవ్ టీజింగ్ పేరుతోనే నిషేధ చట్టం చేసి, తరువాత ఆ శీర్షికను స్త్రీల వేధింపు నిషేధంగా మార్చుకుంది. శాసనమే తన పేరులోని చులకనను గుర్తించిన అరుదైన సందర్భమది. తెలుగులో ఈ ఆంగ్లపదం తగ్గుతున్న చోట కూర్చున్నది వేధింపు కాదు, 'ఆకతాయి'. 2014లో హైదరాబాద్‌లో షీ టీమ్‌లు ఏర్పడిన నాటి నుంచి వాటి వార్తల్లో పట్టుబడినవారు తరచుగా ఆకతాయిలు, పోకిరీలు. బస్సులో స్త్రీని తాకినవాడికి, ఇంటిదాకా వెంబడించినవాడికి, మామిడితోటలో కాయలు కోసుకొచ్చిన కుర్రవాడికి ఒకే పేరు. వెంబడించడం, లైంగికంగా వేధించడం 2013 సవరణతో వేర్వేరు నేరాలుగా శిక్షాస్మృతిలో చేరాయి. ఆంగ్లంలోని 'టీజింగ్' చేసిన పనే తెలుగులో ఆకతాయి చేస్తున్నాడు. పట్టికలో ఆంగ్లపదానికి కాలం చెల్లింది, దాని తెలుగు వారసుడికి ఎడమ వరుసే లేదు.

శాసనంలో నిలిచిన మాట

కరదీపిక తీర్పుల భాషను మార్చగలదు, శాసనం భాషను మార్చలేదు. ఈ పరిమితి ఎంత దగ్గరలో ఉన్నదో తేదీలే చెబుతాయి. భారతీయ న్యాయ సంహిత బిల్లు తొలి రూపం లోక్‌సభ ముందుకు వచ్చింది 2023 ఆగస్టు 11న, కరదీపికకు సరిగ్గా ఐదు రోజుల ముందు. సవరించిన బిల్లు ఆ డిసెంబరులో ఆమోదం పొంది 2024 జులై 1 నుంచి అమలైంది. 1860 నాటి శిక్షాస్మృతిలో 354, 509 సెక్షన్లలో ఉన్న స్త్రీ 'మోడెస్టీ', కొత్త సంహితలో 74, 79 సెక్షన్లలో యథాతథంగా కొనసాగింది.

ఈ మాట న్యాయస్థానాలను ఎంత ఇరుకున పెట్టిందో స్టేట్ ఆఫ్ పంజాబ్ వర్సెస్ మేజర్ సింగ్ కేసు చెబుతుంది. ఏడున్నర నెలల పసికందు మీద జరిగిన లైంగిక దాడి అది. అంత చిన్న బిడ్డకు 'మోడెస్టీ' ఉంటుందా అన్న ప్రశ్న 1966లో సుప్రీంకోర్టు దాకా వచ్చింది. మెజారిటీ న్యాయమూర్తులు ఉంటుందన్నారు, స్త్రీగా పుట్టడమే దానికి ఆధారమన్నారు. నిందితుడికి శిక్ష తప్పించకుండా ఉండటానికి అంతకుమించిన దారి ఆ వాక్యంలో లేదు. దెబ్బతిన్నది బిడ్డ శరీరం, చట్టం వెతికింది ఆమె బిడియాన్ని.

తెలుగులో దీనికి సమానార్థకం ఇప్పటికీ కుదురుకోలేదు. 'మర్యాదకు భంగం', 'గౌరవానికి భంగం' అని రాస్తున్నారు. పాత పత్రికల్లో 'మానభంగం' అనేవారు, అదే మాట అత్యాచారానికీ వాడేవారు. మూడింటిలోనూ భంగపడేది స్త్రీకి ఉండవలసిన ఒక గుణమే, ఆమె దేహం మీద ఆమెకున్న హక్కు కాదు. పట్టిక ఎడమ వరుసలో 'చేస్ట్' ఉంది, 'లేడీలైక్' ఉంది, 'మోడెస్టీ' లేదు. తీర్పులో న్యాయమూర్తి ఏ విశేషణాన్ని కొట్టివేసినా, 74వ సెక్షన్ కింద అభియోగం నమోదు చేసేటప్పుడు ఆ మాట రాయకుండా ముందుకు సాగలేడు.